కింది తీగలు జారవు

రేడియో తీగ ఇంకా అన్నయ్య చేతిలోనే ఉంది. గోడలోంచి ఊడబెరికిన తీగ. పెట్టె మూగబోయి నిమిషం దాటింది. వంటింట్లో ఉన్నది ముగ్గురం, ముగ్గురమూ కొయ్యబారిపోయాం. పొయ్యి మీద శనివారపు పాలజావ అడుగంటుతున్న వాసన వస్తూనే ఉంది, అయినా నాకు గరిటె తిప్పాలని తోచలేదు.

"నాన్నా, ఇంకా అయిపోలేదు" అంది ఓస్నె.

"అయిపోయింది" అన్నాడు స్వేనుంగ్ అన్నయ్య.

పది నిమిషాల కిందట ఇదే బల్ల చుట్టూ పండగలా ఉంది. రెండేళ్ల కిందట పక్షవాతంతో ఎడమచెయ్యి బిగుసుకుపోయిన మనిషి ఫిడేలు మళ్లీ వినపడబోతోందని రేడియోలో ఆ పిల్ల హెగే ఊరించి ఊరించి చెప్పింది. అటక మీద పాత కాసెట్ ఒకటి దొరికిందట. స్వేనుంగ్ చేతి 'నేరి పెళ్లినడక', అన్నయ్య తన గురువు నేరి దగ్గర నేర్చుకున్న పెళ్లి ఊరేగింపు పాట. ఇంతవరకూ రికార్డుగా బయటికి రానిది.

మొదటి చరణానికి అన్నయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. రెండో చరణానికి ఏడ్చాడు. గున్వోర్ వదినను మట్టిలో పెట్టిననాడు కూడా ఏడవని మనిషి, అమ్మతోడు, చెంపల మీద కారిపోతున్నా తుడుచుకోలేదు. ఏ పెళ్లిలోనో ఎవరో చాటుగా రికార్డు చేసి ఉంటారని అనుకున్నాడు కాబోలు. ఓస్నె మా అన్నయ్య ముఖమే చూస్తోంది, దానికీ కళ్లు నిండాయి.

మూడో చరణం మొదలైంది. కుర్చీ వెనక్కి పడింది. తీగ ఊడింది.

"ఆ ఫిడేలు ఎవరిది?" అన్నాడు ఇప్పుడు.

"నీదే నాన్నా."

"నాదే. ఆ గొంతు నేను గుర్తుపట్టనా? వాయించింది ఎవరని అడుగుతున్నా."

"నువ్వే."

"నా ముఖం చూసి చెప్పు."

ఓస్నె నేల చూపులు చూసింది. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా అబద్ధం ఆడితే దానికి చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పుడు మేకపాల జున్ను దొంగతనంగా తిన్ననాడూ ఇంతే.

"కింది తీగలు జారాయి" అన్నాడు అన్నయ్య.

మా వైపు ఫిడేలుకు పైన నాలుగు తీగలు, వాటి కింద ఇంకో అయిదు ఉంటాయి. కిందివాటిని వేలు తాకదు, విల్లు తాకదు. పైన వాయిస్తుంటే వాటంతట అవే మోగుతాయి. పైన వేలు ఎంత జారినా, పొద్దున శ్రుతి చేసినచోటే అవి నిలబడి ఉంటాయి.

"వేలు తగలని తీగ ఎలా జారిందే? దయ్యం పట్టిందా దానికి?"

"ఎవరూ కనిపెట్టలేదు నాన్నా" అంది ఓస్నె మెల్లగా. "రేడియో వాళ్లు ముగ్గురు కూర్చుని విన్నారు."

"వాళ్లు విన్నారు. నేను యాభై ఏళ్లు ఆ ఫిడేలు మీద గడ్డం ఆనించి బతికాను."

ఇంక దాచి లాభం లేదని దానికి అర్థమైంది. కిందపడిన కుర్చీ లేపి నిలబెట్టింది, దాని మీద అదే కూలబడింది.

"కాసెట్ లేదు. నేనే చేశాను."

గరాజు మీది గదిలో తొమ్మిది వారాలుగా తలుపేసుకుని ఇది చేస్తున్నది ఈ పనా! ఏదో సినిమాకు సంగీతం అంటే నమ్మి, పళ్లెంలో రొట్టె పెట్టి గడప దగ్గర ఉంచి వచ్చేదాన్ని నేను.

"ఎలా చేశావు?"

"నీ చెయ్యి పడకముందు చలికాలం మూడు రోజులు నీచేత ఒక్కొక్క స్వరమే వాయించి రికార్డు చేశాను, గుర్తుందా?"

గుర్తు లేకేం. ఇదే వంటింట్లో. ఒక స్వరం మెల్లగా, అదే గట్టిగా, అదే మళ్లీ విల్లు వెనక్కి. "ఇది సంగీతమా, బంగాళాదుంపలు ఏరడమా?" అని అన్నయ్య మూడు రోజులూ సణుగుతూనే ఉన్నాడు.

"ఓహో. ఆ ముక్కలు తెచ్చి కుట్టావన్నమాట."

"కుడితే అవదు నాన్నా. వాటిని కంప్యూటర్లో వరసగా పేరిస్తే హార్మోనియం వాయించినట్టుంటుంది, అంతే. నీ వేలు ఎప్పుడూ స్వరం మీద సూటిగా దిగదు. కింద నుంచి వస్తుంది, కాస్త తటపటాయిస్తుంది, అప్పుడు కూర్చుంటుంది. ఆ జారు నేను గీశాను."

"గీశావా?"

"తెర మీద ప్రతి స్వరం కింద ఒక గీత ఉంటుంది. గీతను పైకి వంచితే శ్రుతి పైకి పోతుంది, కిందికి వంచితే కిందికి. మొదట నున్నగా గీశాను, అగ్నిమాపక బండిలా కూసింది. నీ జారు అలా ఉండదు. మొదట నెమ్మది, చివర తొందర, చేరాక వెంట్రుకవాసి దాటిపోయి వెనక్కి వస్తుంది. మూడో స్వరమైతే పూర్తిగా పైదీ కాదు, కిందిదీ కాదు, మధ్యలో ఎక్కడో ఆగుతుంది. ఆ ఒక్కచోటు దొరకడానికే పది రోజులు పట్టింది."

ఓస్నె మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీద వేలితో ఆ గీత గీసి చూపించింది. అన్నయ్య కోపం మరిచి ఆ వేలు చూశాడు. పనివాడి కన్ను మరి, ఎదుటివాడి పనితనం కనపడితే ఆగదు.

"ఒక చరణానికి ఎన్ని గీతలు?"

"రెండువందల పద్నాలుగు."

నేను పొయ్యి ఆపేశాను. జావ ఎలాగూ మాడింది.

"మరి కింది తీగలకు ఏమొచ్చింది?"

"గీత వంచితే ఆ వరసలో ఉన్నవన్నీ కలిసి వంగుతాయి. అందుకే ఏ తీగకు ఆ తీగ వేరే వరసలో పెట్టుకోవాలి. మొదటి రెండు చరణాలకు అలాగే పెట్టాను. మూడోదానికి వచ్చేసరికి..." ఓస్నె ముక్కు చీదుకుంది. "శుక్రవారం నాలుగింటికల్లా ఇమ్మన్నారు. నాకేమో ఆ చరణం వింటే ఏడుపాగదు. అన్నీ ఒకే వరసలో వదిలేసి పంపించేశాను."

అప్పుడే ఫోను మోగింది. నేనే తీశాను. ఏటి అవతలి హాల్డిస్.

"ఆస్లౌగ్, విన్నారా? అయ్యో, ఏం చెయ్యి, ఏం చెయ్యి! మా ఆయన పశువుల కొట్టంలో రేడియో పెట్టుకుని విన్నాడట, ఆవు పాలు పిండడం కూడా మానేసి. మీ అన్నయ్యకు చెప్పు, నేరి ఆ పాట అతనికే ఇచ్చాడు, మరొకరికి ఇవ్వలేదు అని మా అత్త ఊరికే అనేది కాదు."

"చెబుతాను హాల్డిస్."

"మీరూ చివరిదాకా విన్నారా?"

"మాకు మధ్యలోనే ఆగింది" అని పెట్టేశాను.

"ఎవరు?" అన్నాడు అన్నయ్య.

"హాల్డిస్. వాళ్లింట్లో ఆవు దగ్గర్నుంచీ అందరూ ఏడ్చారట."

ఎవరూ నవ్వలేదు. నా నోటిదురుసుకు సమయం సందర్భం ఉండవు, చిన్నప్పటినుంచీ అంతే.

అన్నయ్య గోడ గడియారం చూశాడు. పన్నెండూ పదిహేను.

"ఒంటిగంటకు ఆ హెగే మైకు పట్టుకుని వస్తుంది. నన్నేం చెప్పమంటావు? అవునమ్మా, నేనే వాయించాను, అటక మీద ఎలుకలు ఎలాగో వదిలేశాయి అనా?"

"ఒక్క మాట నాన్నా. ఒక్క అబద్ధం."

"నా పేరుతో."

"నీ పేరు పోతోందనే చేశాను!" ఓస్నె లేచి నిలబడింది. "వేసవి పోటీలకు న్యాయనిర్ణేతల జాబితాలో నీ పేరు తీసేశారు. నిన్ను అడిగారా? లేదు. రెండేళ్లుగా ఆ కిటికీ దగ్గర కూర్చుని చెట్లు చూస్తున్నావు. నీ వాయింపు ఎలా ఉండేదో నీకే మరుపు వస్తోందేమోనని నాకు భయమేసింది. నువ్వు వినాలని చేశాను. విన్నావు. ఏడ్చావు కూడా!"

"ఏడ్చాను" అన్నాడు అన్నయ్య. "అందుకే ఇంత మండుతోంది. నా చెయ్యి నాకే దొంగసొమ్ములా అమ్మావు కదే. పేరు పోతే పోనీ. పక్షవాతం చేతికొచ్చింది, నోటికి రాలేదు. ఆ పిల్లకు ఉన్నదున్నట్టు చెబుతాను."

"చెబితే నన్ను ఇంక ఎవరు రానిస్తారు? ఈ లోయలో ఏ ఫిడేలు దగ్గరికి రానిస్తారు?"

"అది గీతలు గియ్యకముందు ఆలోచించాల్సింది."

ఓస్నె ముఖం తెల్లబోయింది. నాకు దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది, కానీ కాళ్లు కదల్లేదు. ఎందుకు కదల్లేదో నాకు తెలుసు. అన్నయ్య తరువాత అడగబోయేది ఏమిటో రేడియోలో మూడో చరణం మొదలైన క్షణానే నాకు తెలిసిపోయింది.

"సరే, అదలా ఉంచు" అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది. "మూడో చరణం ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి? పాటలోదే."

"ఈ పాటకు రెండు చరణాలే."

ఓస్నె నా వైపు చూసింది, అన్నయ్య వైపు చూసింది. "అదేమిటి నాన్నా? నీ పాటే కదా?"

మాలో పాట కాగితం మీద నుంచి రాదు. గురువు ఎదురుగా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, విని నేర్చుకోవాలి. వాయించే ముందు, ఇది ఫలానా వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది అని పేరు చెప్పాలి. పేరు చెప్పకుండా విల్లెత్తితే దొంగ కింద లెక్క. పెద్ద గురువులైతే పాట మొత్తాన్ని ఒక్కరికే ఇస్తారు. పెళ్లినడక మొత్తం నేరి తనకే ఇచ్చాడని అన్నయ్య ఈ లోయంతా చెప్పుకున్నాడు, లోయంతా నమ్మింది. కానీ ముసలివాళ్లు కొందరు, మూడో చరణం ఒకటి ఉండేదర్రా, అని గొణిగేవారు. నేరి మంచాన పడ్డప్పుడు అన్నయ్య వెళ్లి అడిగాడు కూడా. "ఇవ్వాల్సిన వాళ్లకు ఇచ్చేశానయ్యా" అన్నాడట ఆ ముసలాయన. ఆ మాట తన గురించేనని అన్నయ్య నిశ్చింతగా ఇంటికి వచ్చాడు.

"నువ్వు కల్పించావా?"

"నాకంత తెలివా! అమ్మ పాడింది."

బల్ల మీది కాఫీ కప్పులో అన్నయ్య ఏదో వెతుకుతున్నట్టు చూశాడు.

"ఏ అమ్మ?"

"ఏ అమ్మేమిటి నాన్నా, మా అమ్మ."

ఓస్నె ఫోను తీసి వెతికింది. వదిన పోయే ఏడు శరత్కాలంలో లెఫ్సె రొట్టెలు చేస్తుంటే, అప్పడాల కర్ర చప్పుడు కావాలని అది రికార్డు చేసుకుందట. చప్పుళ్లు పోగేసే పిచ్చి దానికి. వదిన పక్కన ఫోను ఉన్న సంగతి గమనించలేదు.

కర్ర బల్ల మీద దొర్లే చప్పుడు వచ్చింది. పెనం మీద పిండి చిటపట. ఆ వెనక గున్వోర్ వదిన గొంతు.

"డిడ్లి దడ్లి దాయ్, దుడ్లి దాయ్..."

చేతిలో ఫిడేలు లేనప్పుడు మావాళ్లు ఇలాగే నోటితో పాట కట్టి ఆడతారు. నాలుగేళ్లయింది ఆ గొంతు విని. ఆమె ఎక్కడికో వెళ్లి ఇప్పుడే గుమ్మంలోకి వచ్చినట్టయింది నాకు. అన్నయ్య బిగుసుకుపోయిన ఎడమచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు, రేడియో తీగతో సహా.

మొదటి చరణం. రెండోది. పెనం మీద రొట్టె తిరగేసిన చప్పుడు. మూడోది.

అక్కడ గొంతు కింద నుంచి పైకి జారి, మధ్యలో నిలిచి, వెంట్రుకవాసి దాటి, వెనక్కి వచ్చింది.

"చూశావా" అంది ఓస్నె ఏడుస్తూ. "మొదటి రెండు చరణాలూ నీ జారులే, చిన్నప్పటినుంచీ విన్నవి. మూడోదానికి నాకు ఆధారం ఇదొక్కటే. అమ్మ గొంతు ఎక్కడ జారితే అక్కడ గీత వంచాను. నీ పాటే అమ్మ పాడుతోందనుకున్నాను."

అన్నయ్య వినిపించుకున్నట్టు లేదు. "మళ్లీ పెట్టు" అన్నాడు. పెట్టింది. "మళ్లీ." పెట్టింది.

మూడోసారి అయ్యాక చెయ్యెత్తి ఆపాడు.

"ఇది నోటితో నేర్చిన పాట కాదు."

"అంటే?"

"ఊపిరి ఎక్కడ తీసుకుందో విను. పాడేవాళ్లు మాట ఆగినచోట తీసుకుంటారు. మీ అమ్మ విల్లు తిరిగేచోట తీసుకుంది. ప్రతిసారీ. విల్లు పట్టని మనిషికి ఆ చోటు తెలియదు." అన్నయ్య ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచాడు. "నలభై ఏళ్లు కాపురం చేశాను. గున్వోర్ ఫిడేలు ముట్టుకోగా ఒక్కసారి చూడలేదు."

నేను మాడిన గిన్నె తోముదామని నీళ్లు తిప్పాను. చేతులకు పని కావాలి కదా.

"ఆస్లౌగ్" అన్నాడు అన్నయ్య. "ఆ నీళ్లు ఆపు."

ఆపాను.

"గురువారాలు."

నలభై ఒక్క ఏళ్ల కిందటి గురువారాలు. ఓస్నె ఇంకా పుట్టలేదు. రెండు చలికాలాలు ప్రతి గురువారం సాయంత్రం వదిన ఊలు బుట్ట చంకన పెట్టుకుని, నాతో అల్లికల కూటానికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరేది.

"నీతో వచ్చేదా?"

ఈ ప్రశ్నకు జవాబు నేను ఏనాడో సిద్ధం చేసి పెట్టుకున్నాను. వచ్చేది అన్నయ్యా, పాపం వదినకు అల్లిక రాదు, ఊరికే కబుర్లు చెప్పేది. ఇంతే. కూతురి ఒక్క అబద్ధానికే ఇల్లు ఇంత అతలాకుతలమైంది. ఆ జవాబు నా గొంతులోంచి రాలేదు.

"రాలేదు" అన్నాను.

"ఎక్కడికి వెళ్లేది?"

"నేరి ఇంటికి."

అన్నయ్య ముఖంలో రక్తం లేదు. ఆయన బుర్ర ఎటు పోతోందో చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఛీ, ఆ ఆలోచన తీసెయ్. నేరికి అప్పటికి ఎనభై ఏళ్లు, ఒంటికన్ను. ఫిడేలు కోసం వెళ్లేది అన్నయ్యా. వాయించడానికి. నీ దగ్గరే విని విని తనంతట తను కొంత పట్టేసుకుంది, నీకు తెలియలేదు. నేరికి ఒకనాడు వినిపించింది. ఆయన రమ్మన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగాను. ఒక ఇంట్లో ఇద్దరు వాయిస్తే వినేవాళ్లెవరు ఆస్లౌగూ, అంది. మీ అన్నయ్యకు ఆ పేరు లేకపోతే ఇంకేం ఉంది, అంది. నాచేత ఒట్టు వేయించుకుంది." నాకు ఏడుపు పొంగుకొచ్చింది, ఆపుకోలేదు. "నువ్వు పెళ్లిళ్లకు వాయించడానికి వెళ్లిన రోజున ఏరు దాటి మా ఇంటికి వచ్చేది. నా గదిలో కూర్చుని వాయించేది. తన ఫిడేలు నా దగ్గరే ఉంచింది. వదిన పోయాక నేను ఈ ఇంటికి వచ్చేసినప్పుడు వెంట తెచ్చాను, ఇప్పుడు నా మంచం కింద ఉంది. నాలుగేళ్లుగా దాని మీదే పడుకుంటున్నాను."

"అత్తా!" అంది ఓస్నె.

బయట కారు ఆగిన చప్పుడైంది. పావుగంట ముందే వచ్చింది ఆ హెగే. రేడియోవాళ్లకు తొందరెక్కువ. గులకరాళ్ల మీద అడుగులు వినపడ్డాయి. గంట మోగింది.

ఎవరమూ కదల్లేదు.

"నువ్వు విన్నావు" అన్నాడు అన్నయ్య నాతో. "నన్నూ విన్నావు, దాన్నీ విన్నావు. ఈ లోయలో ఇద్దర్నీ విన్నది నువ్వొక్కదానివే."

"అన్నయ్యా, ఇప్పుడెందుకు..."

"నాకంటే బాగా వాయించేదా?"

గంట రెండోసారి మోగింది. ఓస్నె నా వైపు చూసి వద్దని తల ఊపింది. నాకూ వద్దనే ఉంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, చెయ్యి పోయింది, భార్య పోయింది, మిగిలింది ఆ ఒక్క పేరు. అది నా నాలుక చివర వేలాడుతోంది.

"అవును" అన్నాను. "చాలా బాగా."

అన్నయ్య రేడియో తీగను బల్ల మీద పెట్టాడు. మంచి చేత్తో చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఓస్నె, వెళ్లి తలుపు తియ్యి. ఆస్లౌగ్, నువ్వు ఆ ఫిడేలు తీసుకురా."

"దేనికి నాన్నా?" అంది ఓస్నె. "ఏం చెబుతావు ఆమెకు?"

"పాట వినిపించాక పేరు చెప్పాలి కదా" అన్నాడు.

ఎవరి పేరో చెప్పలేదు. నేను నా గదిలోకి వెళ్లి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ పెట్టెను బయటికి లాగాను. వాకిట్లో ఓస్నె గడియ తీస్తున్న చప్పుడు వినపడింది.